రెండో కొమ్ము ఏది?

మా ఇంగ్లీషు మాస్టారు తప్పుల్ని కొట్టేసేవారు కాదు, ఎర్రసిరాతో వాటి చుట్టూ సున్నా చుట్టేవారు. కొట్టేస్తే పిల్లాడు ఆ మాట వైపు మళ్ళీ చూడడు, సున్నా చుడితే ఇదేంటా అని ఆగి చూస్తాడు అనేవారు. తొమ్మిదో తరగతిలో నా కాంపోజిషన్ నోటుబుక్కులో ఆయన చుట్టిన ఒక సున్నా ఇన్నేళ్ళయినా నా కళ్ళముందే ఉంది. సెలవులు ఎలా గడుపుతావు అని వ్యాసం ఇచ్చారు. పేపర్లో ఎక్కడో చూసిన ఒక పెద్ద మాటని ఎలాగైనా వాడాలని నా తాపత్రయం. "ఐ యామ్ ఇన్ డైలమా" అని మొదలుపెట్టి, ఆడుకోవాలో కథల పుస్తకాలు చదవాలో తెలియడం లేదని ఓ పేజీ నింపాను.

ఆయన సున్నా డైలమా అన్న మాట చుట్టూ లేదు. ఇన్‌కీ డైలమాకీ మధ్య ఖాళీ జాగా ఉంటుంది కదా, దాని చుట్టూ ఉంది. ఏమీ లేనిచోట సున్నా. పక్కన మార్జిన్‌లో తెలుగులో ఒకే ఒక్క ప్రశ్న, "రెండో కొమ్ము ఏది?"

నాకు ఏమీ అర్థం కాలేదు. కొమ్మేంటి, రెండోదేంటి. క్లాసు అయ్యాక నోటుబుక్కు పట్టుకుని వెళ్తే, ఆయన ముందు ఆ ఖాళీ సంగతి చెప్పారు. "ఇన్ ట్రబుల్ అంటాం, ఇన్ డేంజర్ అంటాం, ఇన్ డౌట్ అంటాం, వాటికి మధ్యలో ఏమీ అక్కర్లేదు. ఎందుకంటే అక్కడ అవి నీళ్ళలాంటివి, ఒకటి రెండు అని లెక్కపెట్టలేం. డైలమా అలా కాదురా, అది ఎద్దులాంటిది. ఒకటుందా, రెండున్నాయా అని లెక్కపెట్టొచ్చు. అందుకని దాని ముందు ఎ ఉండాలి. ఇన్ ఎ డైలమా." మన భాషలో ఈ ఎ, ఎన్, ద లు లేవు కాబట్టి "డైలమాలో ఉన్నాను" అని తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి దింపగానే ఆ ఎ జారిపోతుంది. ఇప్పటికీ ఎంతో పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా "ఐ యామ్ ఇన్ డైలమా" అనే రాస్తుంటారు, అది చూసినప్పుడల్లా నా కంటికి ఆ ఎర్రసున్నా కనిపిస్తుంది. ఇన్ ఎ ఫిక్స్, ఇన్ ఎ మెస్, ఇన్ ఎ క్వాండరీ, అన్నీ ఇదే వరస.

కొమ్ము సంగతి మాత్రం ఆ రోజు చెప్పలేదు. "రేపు అందరికీ చెప్తా" అన్నారు.

మర్నాడు బోర్డు మీద ఎద్దు తల బొమ్మ వేశారు. రెండు కొమ్ములూ బాగా పెద్దవిగా, మొనలు మా వైపు తిప్పి. డైలమా గ్రీకు మాట అనీ, డై అంటే రెండు అనీ, లెమ్మా అంటే వాదనలో ముందుగా తీసుకున్న మాట అనీ చెప్పారు. ఆ లెమ్మా అన్న మాటే తర్వాత లెక్కల పుస్తకంలో ఎదురైతే నాకు పాత స్నేహితుడు కనబడ్డట్టయింది. పెద్ద సిద్ధాంతం నిరూపించడానికి ముందుగా నిరూపించి పెట్టుకునే చిన్న మెట్టుని లెక్కల్లో లెమ్మా అంటారు. అలాంటివి రెండు పెట్టి, నువ్వు దీన్ని ఒప్పుకున్నా చిక్కే, దాన్ని ఒప్పుకున్నా చిక్కే అని ఎదుటివాణ్ణి ఇరికించే వాదనకి పెట్టిన పేరు డైలమా. ఈ మాట ఇంగ్లీషులోకి 16వ శతాబ్దంలో వచ్చింది, అప్పుడు అది వాదనలు నేర్చుకునేవాళ్ళ మాట. మనసులో ఊగిసలాట అన్న అర్థం తర్వాత పట్టుకుంది. అలాంటి వాదనకి లాటిన్‌లో కొమ్ముల వాదన అనే పేరుండేది, ఆన్ ద హార్న్స్ ఆఫ్ ఎ డైలమా అని ఇంగ్లీషువాళ్ళు అనేది అక్కణ్ణుంచే. ఒక కొమ్ము తప్పించుకుంటే రెండోది పొడుస్తుంది.

అప్పుడర్థమైంది నా నోటుబుక్కులో ప్రశ్న. ఆడుకోవడం, కథలు చదవడం, రెండూ నాకు ఇష్టమైనవే. అందులో పొడిచేది ఏముంది? "రెండు మంచివాటి మధ్య ఏరుకోవడానికి చాయిస్ అన్న చిన్నమాట చాలు" అన్నారు మాస్టారు. "ఎటు వెళ్ళినా ఏదో ఒకటి పోగొట్టుకుంటావు, వెళ్ళకుండా ఉండడం కూడా కుదరదు, అప్పుడు డైలమా అన్న మాట వాడుకో."

ఆ రోజు ఆయన చెప్పిన కథ ఒకటి మా క్లాసు మొత్తానికి పిచ్చెక్కించింది. ప్రొటాగరస్ అని పాత గ్రీకు గురువు, యువాథ్లస్ అని ఆయన శిష్యుడు. వాదించడం నేర్పుతాను, సగం రుసుము ఇప్పుడివ్వు, మిగతా సగం నువ్వు మొదటి కేసు గెలిచిన రోజున ఇవ్వు అని ఒప్పందం. శిష్యుడు చదువైతే పూర్తి చేశాడు గానీ కేసులు తీసుకోవడమే మానేశాడు. గురువు ఆగి ఆగి అతని మీదే కేసు వేశాడు. "నేను గెలిస్తే కోర్టు చెప్పినట్టు నువ్వు డబ్బు కట్టాలి, నేను ఓడిపోతే నువ్వు నీ మొదటి కేసు గెలిచినట్టు, కాబట్టి మన ఒప్పందం ప్రకారం కట్టాలి" అన్నాడు. శిష్యుడు తడుముకోలేదు. "నేను గెలిస్తే కోర్టు చెప్పినట్టు కట్టనక్కర్లేదు, ఓడిపోతే ఇంకా మొదటి కేసు గెలవలేదు, కాబట్టి ఒప్పందం ప్రకారం కట్టనక్కర్లేదు" అన్నాడు. న్యాయమూర్తులు ఎటూ తేల్చలేక కేసుని చాలా దూరపు తేదీకి వాయిదా వేశారట. 2వ శతాబ్దపు రోమన్ రచయిత ఒకాయన దీన్ని రాసిపెట్టాడు. మా క్లాసు ఆ రోజు గురువు పక్షం, శిష్యుడి పక్షం అని రెండుగా చీలిపోయి బెల్లు కొట్టాక కూడా అరుచుకుంటూనే ఉంది, నేను శిష్యుడి పక్షం, నా పక్కన కూర్చునే నా స్నేహితుడు గురువు పక్షం.

కొమ్ముల్లోంచి బయటపడే దారులు కూడా చెప్పారు. ఒకటి, రెండు కొమ్ముల మధ్యలోంచి దూరిపోవడం, అంటే ఈ రెండే దారులని ఎవరన్నారు, మూడోది ఉంది అని చూపించడం. రెండోది, ఏదో ఒక కొమ్ముని చేత్తో పట్టుకోవడం, అంటే నువ్వు చెప్పినంత చెడు ఇందులో ఏమీ జరగదు అని నిలబడడం. మూడోది ఆ శిష్యుడు చేసిన పని, ఎదురు డైలమా తెచ్చి వాళ్ళవైపే తిప్పడం. బోర్డు మీద ఎద్దు కొమ్ముల నడుమ చాక్‌పీసుతో ఒక బాణం గీశారు. ఆ బాణం సంగతి మళ్ళీ చెప్తాను.

తర్వాతి వారం ఆయన చేయించిన పని నాకు అన్నిటికన్నా ఇష్టం. మాకు తెలిసిన తెలుగు సామెతలు చెప్పమని, ఒక్కోటి ఏ ఇంగ్లీషు మాటకి సరిపోతుందో మమ్మల్నే తేల్చమన్నారు. "కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం" అని ఎవరో వెనక బెంచీ నుంచి అన్నారు. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అదీ! రెండు కొమ్ములూ లెక్కపెట్టుకో, ఒక కొమ్ము కప్ప, ఇంకో కొమ్ము పాము, మధ్యలో చెప్పాల్సినవాడు" అన్నారు. అంతకన్నా బాగా డైలమాని ఏ నిఘంటువూ చెప్పలేదని నేనిప్పటికీ అనుకుంటాను. ఇంకొకడు "అడకత్తెరలో పోకచెక్క" అన్నాడు. దాని దగ్గర చాలాసేపు ఆగాం. పోకచెక్కకి రెండు వైపులా ఇనుమే, నిజమే, కానీ అది ఏరుకునేది ఏమైనా ఉందా? ఏమీ లేదు, నొక్కితే తెగడమే. కాబట్టి అది డైలమా కాదు, ప్రెడికమెంట్. ప్రెడికమెంట్ అంటే చెడ్డ స్థితిలో చిక్కుకోవడం, అందులో నిర్ణయం నీ చేతిలో ఉండాలన్న నియమం లేదు. "మింగలేక కక్కలేక" అన్నది క్వాండరీకి ఇచ్చాం, ఎందుకంటే క్వాండరీ బయటి పరిస్థితి కన్నా లోపలి అయోమయాన్ని ఎక్కువ చెప్పే మాట. అది కూడా 16వ శతాబ్దం నుంచీ ఉన్నదే, ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం పండితులకే అంతుపట్టలేదు. కనండ్రమ్ అంటే పొడుపుకథలాంటి చిక్కు, బుర్ర పెడితే జవాబు దొరకొచ్చు, డైలమాకి బుర్ర ఒక్కటే చాలదు.

హాబ్సన్స్ చాయిస్ గురించి కూడా అప్పుడే విన్నాను. కేంబ్రిడ్జిలో థామస్ హాబ్సన్ అని గుర్రాలు అద్దెకిచ్చే ఆయన, 1631లో చనిపోయాడు, తలుపు దగ్గర వరసలో ఏ గుర్రం ఉంటే అదే తీసుకో లేకపోతే వెళ్ళిపో అనేవాడట, మంచి గుర్రాలే ఎప్పుడూ అలిసిపోకుండా. చాలామంది దాన్ని డైలమా అనుకుని వాడతారు. అక్కడ రెండు గుర్రాలే లేవు, ఒక్కటే ఉంది.

ధర్మసంకటం అన్న మన మాట దగ్గర మాస్టారు గొంతు తగ్గించారు. అశ్వత్థామ చచ్చాడని చెప్పాల్సి వచ్చిన ధర్మరాజుని తీసుకొచ్చారు. అబద్ధం ఆడితే వ్రతం పోతుంది, ఆడకపోతే సైన్యం పోతుంది. రెండు వైపులా పోయేది చిన్నదైతే అది ఇరకాటం, రెండు వైపులా ధర్మమే ఉంటే అది ధర్మసంకటం, ఇంగ్లీషులో మోరల్ డైలమా అంటారు అన్నారు. ఉభయసంకటం అన్నది మామూలు డైలమాకి సరిగ్గా అతికినట్టు సరిపోయే మాట, ఉభయ అంటే రెండు కదా, గ్రీకు డై అక్కడే కూర్చుని ఉంది. ఇంత మంచి మాట మనకి ఉండి కూడా మనం అందరం డైలమానే అంటాం. అంటే అన్నాం, సరిగ్గా అందాం అని నా కోరిక.

ఆ తర్వాతి చదువులో, ఉద్యోగంలో ఈ మాట నాకు ఎన్నోసార్లు ఎదురైంది. స్పెల్లింగ్‌లో రెండు ఎమ్‌లు ఉంటాయి, ఎమ్ తర్వాత ఎన్ వస్తుందని చాలామంది గట్టిగా నమ్ముతారు, స్కూల్లో అలాగే నేర్పారని కూడా అంటారు, కానీ ఎన్ లేదు. డిలెమా అన్నా డైలెమా అన్నా రెండూ ఒప్పే, ఎవరినీ దిద్దక్కర్లేదు. ఫేస్ ఎ డైలమా అంటాం, బీ ఫేస్డ్ విత్ ఎ డైలమా అంటాం, పరిస్థితి మనకి డైలమాని పోజ్ చేస్తుంది లేదా ప్రెజెంట్ చేస్తుంది, మనం దాన్ని రిజాల్వ్ చేస్తాం. డైలమా తర్వాత అబౌట్ గానీ ఓవర్ గానీ పెట్టి వెదర్ టు అని కొనసాగిస్తే వాక్యం సాఫీగా నడుస్తుంది. మూడు దారులుండి మూడూ చెడ్డవైతే ట్రైలమా అన్న మాట కూడా ఉంది. ఈ రోజుల్లో రెండు కన్నా ఎక్కువ దారులున్నా డైలమా అనే వాడేస్తున్నారు, దానికి నేను పెద్దగా బాధపడను. ఒక్క కొమ్మే ఉన్నచోట వాడితేనే బాధపడతాను.

ఈ మధ్య ఆఫీసులో ఒక అమ్మాయి పై అధికారికి మెయిల్ రాసి, పంపేముందు ఒకసారి చూడండి అంది. కొత్త పని ఒప్పుకోవాలా వద్దా అని డైలమాలో ఉన్నానని రాసింది. ఎ సరిగ్గానే పెట్టింది. ఒప్పుకుంటే ఏం పోతుందమ్మా అని అడిగాను, ఆదివారాలు పోతాయంది. ఒప్పుకోకపోతే? కాసేపు ఆలోచించి ఏమీ పోదంది. అయితే నీకు డైలమా లేదు, ఇష్టం లేదు, అంతే, ఐ వుడ్ రాదర్ నాట్ అని మర్యాదగా రాసెయ్ అన్నాను. అలాగే మార్చి పంపింది. ఆ వారమంతా ఆ పిల్ల పడ్డ టెన్షన్ ఆ ఒక్క మాట మార్చడంతో సగం తగ్గిందని తనే చెప్పింది. చాలాసార్లు మనకి ఉన్నది డైలమా కాదు, చెప్పడానికి మొహమాటం.

దానికి ఎదురుది కూడా ఉంది. లేని కొమ్ముల్ని తెచ్చి మన ముందు పెట్టడం. మాతో ఉంటావా, మా శత్రువులతో ఉంటావా అని అడిగేవాళ్ళు ఉంటారు చూడండి, దాన్ని ఫాల్స్ డైలమా అంటారు. ఎవరితోనూ లేకుండా ఇంట్లో ఉండే దారిని ఆ ప్రశ్నే దాచేస్తుంది. ఎవరైనా అలా అడిగితే నాకు బోర్డు మీద గీసిన బాణం గుర్తొస్తుంది.

డిగ్రీలో ప్రిజనర్స్ డైలమా చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. 1950లో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ అని ఇద్దరు గణితవేత్తలు తయారుచేసిన ఆట అది, దానికి ఖైదీల కథా ఆ పేరూ ఆల్బర్ట్ టక్కర్ పెట్టాడు. ఇద్దరు ఖైదీలని వేరువేరు గదుల్లో పెట్టి, రెండోవాడి మీద చెప్తే నీకు శిక్ష తగ్గిస్తాం అంటారు. అవతలివాడు ఏం చేసినా సరే, తన వరకు చూసుకుంటే చెప్పేయడమే లాభం. కానీ ఇద్దరూ అలాగే అనుకుని చెప్పేస్తే, ఇద్దరూ నోరుమూసుకుని ఉన్నదానికన్నా ఎక్కువ శిక్ష పడుతుంది. పుస్తకంలో పట్టికలు, అంకెలు ఉన్నాయి. నాకు మాత్రం అందులో మా తొమ్మిదో తరగతి కనబడింది.

ఆ ఏడాది చివర్లో యూనిట్ టెస్టు ప్రశ్నపత్రం ఒకటి స్టాఫ్‌రూమ్ నుంచి మాయమైంది. ఇంగ్లీషు పేపరే. ఆ రోజు స్టాఫ్‌రూమ్‌కి చాక్‌పీసుల కోసం వెళ్ళిన పిల్లాడి మీద అందరికీ అనుమానం. వాడు మాట్లాడడమే తక్కువ, నేను కాదు సార్ అని రెండుసార్లు అని ఊరుకున్నాడు, ఆ ఊరుకోవడాన్నే అందరూ ఒప్పుకోవడం కింద లెక్కేసుకున్నారు. వారం రోజుల్లో పెద్దవాళ్ళని తీసుకురమ్మన్నారు. తీసింది ఎవరో నాకు తెలుసు. నా పక్కన కూర్చునేవాడే, గురువు పక్షం అని అరిచినవాడే. నాకు వాడే చూపించాడు, ప్రాణస్నేహితుణ్ణని, ఎవరికీ చెప్పనని మాట తీసుకుని మరీ చూపించాడు. నేను మాట ఇచ్చాను.

రెండు రాత్రులు ఆలోచించాను. మూడోరోజు కాంపోజిషన్ నోటుబుక్కు చివరి పేజీలో నాకొచ్చిన ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాను. నేను ఒక డైలమాలో ఉన్నాను సార్. మాట్లాడితే నేను ఇచ్చిన మాట పోతుంది, నా స్నేహితుడు పోతాడు. మాట్లాడకపోతే ఏ తప్పూ చెయ్యనివాడు నిందతో ఇంటికి వెళ్తాడు. నాకేం చేయాలో తెలియడం లేదు. రాసి, ఎ ఉందా లేదా అని మళ్ళీ చూసుకుని, మిగతా పుస్తకాల దొంతరలో అడుగున పెట్టేశాను.

మర్నాడు పుస్తకాలు తిరిగొచ్చాయి. చివరి పేజీ తెరవడానికి నాకు చేతులు వణికాయి. ఎక్కడా ఎర్రసిరా లేదు. ఆ ఏడాదంతా ఆయన ఎర్రసిరా పడని పేజీ నాకు అదొక్కటే. కింద నీలం సిరాతో తెలుగులో, "రెండు కొమ్ములూ ఉన్నాయి. పేరు నేను అడగను. మధ్యలో సందు ఉందేమో చూడు" అని రాశారు.

సాయంత్రం ఆటస్థలం గోడ దగ్గర నా స్నేహితుణ్ణి పట్టుకుని, నేను నీ పేరు ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా, కానీ నువ్వే వెళ్ళి చెప్పు, నేను నీతో పాటు గది గుమ్మం దాకా వస్తాను అన్నాను. వాడు నా మాట నమ్మలేదు. నువ్వు ఇప్పటికే చెప్పేసి ఉంటావు, అందుకే నన్ను పంపుతున్నావు అన్నాడు. నోటుబుక్కు తెరిచి ఆ పేజీ చూపించాను, పేరు ఎక్కడుందో చూపించు అన్నాను. చదివాడు. చాలాసేపు చదివాడు, నాలుగే వాక్యాలు. తర్వాత నన్ను రావొద్దని చెప్పి ఒక్కడే స్టాఫ్‌రూమ్ వైపు నడిచాడు.

లోపల ఏం జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. మర్నాడు ప్రార్థన అయ్యాక మాస్టారు చాక్‌పీసుల పిల్లాణ్ణి ముందుకి పిలిచి, తప్పు మాదిరా, నిన్ను అనుమానించాం అని అందరి ముందూ చెప్పారు. తీసినవాడి పేరు చెప్పలేదు. చాక్‌పీసుల పిల్లాడు ఏం అనాలో తెలియక తల వంచుకుని నిలబడ్డాడు, వాడి చెవులు ఎర్రబడడం మాకు వెనక వరస దాకా కనబడింది.

తర్వాత మాస్టారు క్లాసుకి మామూలుగానే వచ్చి బోర్డు తుడిచి పాఠం మొదలుపెట్టారు. నేను నా బెంచీలో ఒక్కణ్ణే ఉన్నాను. నా స్నేహితుడు పుస్తకాల సంచి తీసుకుని చివరి వరసలోకి వెళ్ళి కూర్చున్నాడు, పబ్లిక్ పరీక్షలు రాసి వెళ్ళిపోయేదాకా అక్కడే కూర్చున్నాడు.